మన్రో దొరను రాయలసీమలో ఇంకా ఎందుకు తలుచుకుంటారు?

గుత్తి కుర్రోడు:
మా జేజినాయన థామస్ మన్రో పేరెత్తితే దేవుడి గురించి చెప్పినట్టు చెప్తాడు. మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు కూడా పెట్టుకునేవాళ్ళంట. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న కేడెట్‌గా వచ్చి మేజర్ జనరల్ దాకా ఎదిగినాయన, మద్రాసు గవర్నరు, మన దగ్గరేమో శిస్తు వసూలు చేసినాయన. అలాంటి మనిషి మీద ఇంత ప్రేమ ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి.

చరిత్ర పిచ్చి:
తమ్ముడూ, 1800లో నిజాం సీమ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాక ఈయన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అంతకుముందు యుద్ధాలు, పాలెగాళ్ళ కొట్లాటలు, ఎవరికి బలముంటే వాళ్ళు వచ్చి రైతు దగ్గర గుంజుకోవడం. ఈయన ఊరూరా డేరా వేసుకుని తిరిగి, పొలాలు కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా నేరుగా రైతు మీదే శిస్తు ఖరారు చేశాడు, రైత్వారీ అంటే అదే. తన పేరు మీద పట్టా చూసుకున్న రైతుకు అది చిన్న విషయం కాదు.

నల్లరేగడి:
అన్నా, ఆ శిస్తు ఎంతో కూడా చెప్పండి. పంటలో దాదాపు సగం! వానలు సరిగ్గా పడని నేలలో సగం ఇచ్చేసి ఏం తింటారు? అది ఎక్కువని మన్రోకే తెలుసు, 1807లో నాలుగో వంతు తగ్గించమని రాశాడు, అప్పుడు కంపెనీ వినలేదు. పాలెగాళ్ళను కూడా అణిచేసి, చాలామందిని పింఛన్ల మీద కూర్చోబెట్టాడు. అలాంటి పింఛను గొడవే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక కారణమైంది. మంచివాడే కావచ్చు, పని చేసింది మాత్రం కంపెనీ ఖజానాకు.

చరిత్ర పిచ్చి:
ఖజానా మాట నిజమే, కాదనను. కానీ భారతీయులకు పెద్ద ఉద్యోగాలివ్వాలని, ఏదో ఒకరోజు వాళ్ళ దేశాన్ని వాళ్ళే పాలించుకోవాలని 1824లోనే గవర్నరు హోదాలో రాసిన మనిషిని మిగతా దొరలతో కలిపి ఒకే గాటన కట్టలేం.

పత్తికొండ వాసి:
ఆయన పోయింది మా ఊళ్ళోనే, 1827 జులై 6న, కలరాతో. ఇంగ్లండు వెళ్ళిపోయే ముందు ఈ జిల్లాలు ఇంకోసారి చూడాలని వచ్చాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, కొన్నేళ్ళకు మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్ళారు. ఇంకోటి, మంత్రాలయం మఠం భూముల విచారణకు వెళ్తే రాఘవేంద్రస్వామే తన బృందావనం (సమాధి) నుంచి ఆయనతో మాట్లాడారని మా వైపు గట్టిగా నమ్ముతారు. మీ జేజినాయన భక్తికి అదీ కారణం అయ్యుంటుంది, ఓసారి అడిగి ఇక్కడ రాయి తమ్ముడూ.