వకీలు లేకుండా వాదించుకునేవారికి అర్జీ రాసిపెట్టడం తప్పా?

తుంగభద్ర తీరం:
మా వీధిలో ఒకావిడ మనోవర్తి కోసం కుటుంబ న్యాయస్థానంలో తానే వాదించుకుంటున్నారు. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని. ఆవిడ చెప్పింది విని అర్జీ రాసిపెట్టాను, డబ్బేమీ తీసుకోలేదు. అది చూసిన ఒక న్యాయవాది, చట్టవిరుద్ధమన్నారు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షను ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు. మామూలు మనుషులు తమ గోడు తామే చెప్పుకోవాలన్న ఉద్దేశంతో పెట్టిన కోర్టది. ఆ గోడును కాగితం మీద పెడితే తప్పెలా అవుతుంది?

న్యాయవాది, గుంటూరు:
హక్కు లేకుండా కోర్టులో వృత్తి చేసేవారికి 1961 నాటి న్యాయవాదుల చట్టం 45వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. పొరుగావిడకు ఉచితంగా రాసిపెట్టడం దాని కిందికి వస్తుందని నేను అనను. నా భయం వేరు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన రజనేశ్–నేహా తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఆవిడకు కుట్టుపని మీద నాలుగు రూపాయలు వస్తున్నాయనుకోండి. మీరు అది రాయకుండా వదిలేస్తే అవతలి వకీలు ఆవిడను అబద్ధాలకోరుగా నిలబెడతాడు. సంతకం ఆవిడది కాబట్టి బోనులో జవాబు చెప్పాల్సిందీ ఆవిడే. నేను తప్పు చేస్తే న్యాయవాదులపై అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మీ తప్పుకు ఆవిడ ఎవరిని అడగాలి?

పూర్వపు బెంచి గుమాస్తా:
మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షను. ఉచిత న్యాయసహాయం నంబరు 15100కు ఫోను చేసినా చాలు. మేము ఏ కాగితం ఎక్కడ దాఖలు చేయాలో చెప్పేవాళ్ళం, అందులో ఏం రాయాలో మాత్రం చెప్పేవాళ్ళం కాదు. మర్నాడు ఆ భర్త కూడా మా కిటికీ దగ్గరికే వస్తాడు కదా!

తుంగభద్ర తీరం:
అలా ఇచ్చిన వకీలు వాయిదాలకు రాకపోబట్టే ఆవిడ సొంతంగా నిలబడ్డారు. గుంటూరు న్యాయవాది గారూ, వకాల్తా వేయకపోయినా మీరు ఆ కాగితాలు దిద్దిపెట్టగలరా?

న్యాయవాది, గుంటూరు:
పేరు దాచుకుని అయితే చేయను. వకీలు లేని మనిషని జడ్జి ఆవిడకు కొంత వెసులుబాటు ఇస్తారు. వెనక నేనుండి దాన్ని వాడుకోవడం కోర్టును మోసగించడమే. న్యాయవాది సాయంతో తయారైందని కింద రాయనిస్తే నా సంతకం కూడా పెడతాను. పేదలకు ఉచిత సాయం మా అత్యున్నత బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కాకపోతే ఆవిడను తీసుకురండి. సంగతులు ఆవిడ నోటనే వినాలి.

తుంగభద్ర తీరం:
తప్పకుండా తీసుకొస్తాను. ఒక్క మాట. అర్జీ వేసిన తేదీ నుంచే మనోవర్తి ఇవ్వాలని మీరు చెప్పిన ఆ తీర్పులోనే ఉంది. మీలాంటివారు దొరికేదాకా ఆగితే అన్ని నెలల డబ్బూ ఆవిడకు పోయినట్టే. అందుకే ఆ రోజే రాసి వేయించాను. అది తప్పని నేను ఒప్పుకోను.