అప్‌డేట్: ఫామికామ్ ‘డ్రాగన్ క్వెస్ట్ 3’లో సేవ్ నిలవకపోవడం – పరిష్కారమైంది

ఫామికామ్ (నింటెండో పాత గేమ్ కన్సోల్) ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే ఈ గేమ్‌లో సేవ్ ఉండటం లేదని అడిగాను కదా, బ్యాటరీ చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. అందరికీ థాంక్స్. కన్సోల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సేవ్‌ని నిలిపేది గేమ్ కాట్రిడ్జ్ లోపలి సెల్లే. నా 1988 నాటి కాట్రిడ్జ్‌లోని సీఆర్2032 సెల్ (నాణెంలాంటి బ్యాటరీ) మల్టీమీటర్‌లో 0.9 వోల్టులే చూపించింది. కొత్తదైతే 3 పైనే ఉంటుంది.

ఈ కాట్రిడ్జ్‌కి స్క్రూలుండవు, కొక్కేలే. అంచులో ప్లాస్టిక్ కార్డు దూర్చి మెల్లగా విప్పాలి. పాత సెల్‌ని లాగి పీకొద్దు, బోర్డు మీది రాగి గీత లేచొస్తుంది. టంకం కరిగించే తీయాలి. ట్యాబులున్న (టంకం పెట్టేందుకు లోహపు రేకులు అతికించి ఉన్న) సెల్లే కొనండి, మామూలు సెల్‌కి నేరుగా టంకం పెడితే వేడికి పగలొచ్చు. ప్లస్, మైనస్ ఎటున్నాయో ముందే ఫొటో తీసుకోండి. కొత్తది పెట్టాక, కన్సోల్‌లో పెట్టకుండానే ర్యామ్ చిప్ (సేవ్ ఉండేది ఇందులోనే) 28వ పిన్ దగ్గర కొలిస్తే 3 వోల్టులకు కాస్త తక్కువ వస్తుంది. మధ్యలో డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ఉంటుంది, దాని దగ్గర కాస్త వోల్టేజి తగ్గుతుంది, కంగారొద్దు.

కాంటాక్టులు తుడవడం, అడాప్టర్ మార్చడం ఈ సమస్యకు సంబంధం లేనివి. సేవ్ చెడిపోకుండా, రీసెట్ నొక్కిపట్టి ఆఫ్ చేసే అలవాటు మాత్రం మానకండి.