వినాయక చవితి సంబరాల్లో ఓటరు నమోదు డెస్క్: వలంటీర్ల ప్లానింగ్

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఓటరు నమోదు డెస్క్ బతుకమ్మ రోజు పెడదామని గత మీటింగ్‌లో ఎక్కువమంది అన్నారు. ఆ రోజు వచ్చినంత జనం మరే పండక్కీ రారు, నిజమే. కానీ ఒక్కసారి క్యాలెండర్ చూడండి. ఎన్నిక 2026 నవంబరు 3, మంగళవారం. మన టెక్సస్‌లో ఎన్నికకు 30 రోజుల ముందే నమోదు అయిపోవాలి. ఆ రోజు ఆదివారం పడింది కాబట్టి గడువు అక్టోబరు 5, సోమవారం. ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 10న. దసరా 20న. దీపావళి నవంబరు 8న, అంటే పోలింగ్ కూడా అయిపోయాక. గడువుకు ముందు మనకున్న పెద్ద పండగ వినాయక చవితి ఒక్కటే. చవితి సెప్టెంబరు 14, మన సంబరాలు 19, శనివారం. డెస్క్ ఆ రోజే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ఎప్పటినుంచో సిటిజన్లుగా ఉన్నవాళ్లకు ఈ తేదీలు కొంత అలవాటే. నా ఆలోచనంతా ఈ ఏడాది సిటిజన్‌షిప్ ఓత్ (ప్రమాణం) తీసుకున్నవాళ్ల గురించి, తీసుకోబోయేవాళ్ల గురించి. కాలిఫోర్నియాలో, మిన్నెసోటాలో ఉన్న చుట్టాలు పోలింగ్ రోజున కూడా నమోదు చేసుకోవచ్చని చెబుతారు. పెన్సిల్వేనియా వాళ్లకు 15 రోజుల ముందు వరకు టైముంటుంది. అది విని ఇక్కడా అంతేనేమో అనుకుంటారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఓత్ అక్టోబరు 5న అయితే అదే రోజు ఫారం ఇవ్వాలి. 6న అయితే ఈ నవంబరులో ఓటు లేనట్టే. పోనీ ముందే ఫారం పంపేసి ఉంచుదామంటే అదీ కుదరదు. సంతకం పెట్టే రోజుకే సిటిజన్ అయి ఉండాలి. ఇంటర్వ్యూ పాసైనా, ఓత్ తేదీ చేతికొచ్చినా సరిపోదు. ఓత్ అయ్యాకే.

స్టాళ్ల బాధ్యుడు:
సరే అక్కా, 19నే ఖాయం చేద్దాం. ఫుడ్ స్టాళ్ల పక్కన ఒక టేబుల్ ఖాళీగా ఉంది. ఖాళీ ఫారాలు తెప్పిస్తే ఎవరో ఒకరం కూర్చుని నింపించి, సాయంత్రానికి అన్నీ పోగు చేసి పంపించేద్దామా?

సమన్వయకర్త:
ఖాళీ ఫారం ఎవరైనా ఇవ్వచ్చు తమ్ముడూ. నింపిన ఫారం తీసుకోవడం మాత్రం డిప్యూటీలే చేయాలి. కౌంటీ ఎన్నికల ఆఫీసు ట్రైనింగ్ ఇచ్చి నియమించే వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్లన్నమాట. ఆ నియామకం సరి సంవత్సరం డిసెంబరు 31తో ముగిసిపోతుంది. కాబట్టి 2024లో మన డెస్క్‌లో కూర్చున్నవాళ్లు కూడా, 2025 నుంచి ఇప్పటిదాకా మళ్లీ నియామకం తీసుకోకపోతే, కొత్తగా తీసుకోవాలి. ఆగస్టులోనే పూర్తి చేయండి, చివరివారం దాకా ఆగొద్దు.

ఇంకో సంగతి. ఏ కౌంటీ నియమిస్తే ఆ కౌంటీలో ఉండేవాళ్ల ఫారాలే తీసుకోవాలి. మన ఫ్రిస్కో సగం కాలిన్‌లో, సగం డెంటన్‌లో ఉంది. ఒకే స్కూలుకి వెళ్లే పిల్లల ఇళ్లు కూడా వేర్వేరు కౌంటీల్లో ఉంటాయి. కాబట్టి రెండు టేబుళ్లు, రెండు బోర్డులు కావాలి. వీలైనవాళ్లు రెండు కౌంటీల నియామకమూ తీసుకుంటే మరీ మంచిది. ఏ కౌంటీయో తెలియదన్నవాళ్లకు ప్రాపర్టీ టాక్స్ బిల్లు గుర్తుచేయండి, వెంటనే చెప్పేస్తారు. అర్వింగ్ నుంచి వచ్చేవాళ్లది డాలస్ కౌంటీ. వాళ్లకు స్టాంపు అక్కర్లేని పోస్టు కార్డు ఫారాలిచ్చి ఇంటి నుంచి పంపుకోమందాం.

తీసుకున్న ప్రతి ఫారానికీ రసీదు ఇవ్వాలి. అయిదు రోజుల్లోపు కౌంటీ ఆఫీసులో అందజేయాలి, అంటే 24, గురువారం సాయంత్రం 5 గంటల్లోపు. ఫారంలో లైసెన్స్ నంబరో సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలో ఉంటాయి. దయచేసి ఎవరూ ఫోన్‌తో ఫోటోలు తీయొద్దు, వాట్సాప్‌లో పెట్టొద్దు.

డెంటన్ వైపు వలంటీర్:
నేను డిప్యూటీ నియామకం తీసుకుంటానండి. ఒక సందేహం. మా వీధిలో ఒకాయన ఆన్‌లైన్‌లో నమోదు చేసేశానంటున్నారు. అలా అవుతుందా?

సమన్వయకర్త:
డ్రైవింగ్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో రెన్యూ చేస్తూ, లేదా అందులో అడ్రస్ మారుస్తూ, దాంతోపాటే ఓటు నమోదు కూడా అడిగి ఉంటే అవుతుంది. రాష్ట్ర వెబ్‌సైట్‌లో ఫారం మాత్రమే నింపి ఉంటే కాదు. దాన్ని ప్రింట్ తీసి, పెన్నుతో సంతకం పెట్టి, పోస్టు చేస్తేనే లెక్క. స్క్రీన్ మీద అంతా నింపాక పని అయిపోయినట్టే అనిపిస్తుంది, ప్రింట్ అక్కడే ఉండిపోతుంది. డెస్క్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. పోస్టు చేసేవాళ్లు కూడా అక్టోబరు 5 సాయంత్రం డబ్బాలో వేస్తే సరిపోతుందనుకోవద్దు. ముద్ర మర్నాటి తేదీతో పడొచ్చు.

కొత్త వలంటీర్:
అక్కా, నాది ఇంకా గ్రీన్ కార్డే. అయినా డెస్క్‌లో సాయం చేయాలనుంది. కూర్చోవచ్చా?

సమన్వయకర్త:
తప్పకుండా రామ్మా. సిటిజన్ కానివాళ్లు డిప్యూటీ కాలేరు. లైన్ చూసుకోవడం, కౌంటీ కనుక్కుని సరైన టేబుల్‌కి పంపడం, తెలుగులో వివరించడం, ఇవన్నీ నువ్వు చేయొచ్చు. నీ పేరుతో మాత్రం ఏ ఫారం మీదా సంతకం పెట్టకు.

ఈ విషయం అందరూ రెండుసార్లు చదవండి. మన పండక్కి వచ్చేవాళ్లలో వీసాల మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు వాళ్లు, వేసవికి వచ్చి ఇంకా ఉన్న అమ్మానాన్నలు చాలామంది ఉంటారు. అందరూ నింపుతున్నారు కదా అని మొహమాటానికి ఒక సంతకం పెడితే జరిగే నష్టం మామూలుది కాదు. సిటిజన్ని అని తప్పుగా చెప్పుకోవడం నేరం, దేశం నుంచి పంపించేయడానికి కూడా కారణం కావచ్చు. రేపు సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్ 400లో ఎప్పుడైనా ఓటరుగా నమోదు అయ్యారా అని సూటిగా అడుగుతారు.

నాకు ఎక్కువ భయం దంపతుల విషయంలో. ఇద్దరూ ఒకేసారి అప్లై చేస్తారు. భర్తకు ఓత్ అయిపోతుంది, భార్యది ఇంకా పెండింగ్. ఆయన ఉత్సాహంగా రెండు ఫారాలు తీసుకుని రెండూ నింపేస్తారు. అందుకని మన డెస్క్‌లో ఎవరి ఫారం వాళ్లే నింపాలి, వాళ్లే సంతకం పెట్టాలి. చట్టం కొన్ని సందర్భాల్లో కుటుంబసభ్యుల సంతకం ఒప్పుకుంటుంది, అయినా మనం ఆ జోలికి పోవద్దు.

అలాగని మనం ఎవరి కాగితాలూ అడగకూడదు. అర్హత తేల్చడం డిప్యూటీ పని కాదు. ఫారం పూర్తిగా నింపారా లేదా చూడటమే మన పని. కాబట్టి హెచ్చరిక పెన్ను చేతికివ్వక ముందే వినబడాలి. టేబుల్ ముందు పెద్ద తెలుగు అక్షరాల్లో ‘అమెరికా సిటిజన్లకు మాత్రమే. గ్రీన్ కార్డు, వీసా ఉన్నవారు దయచేసి సంతకం చేయవద్దు’ అని రాయిద్దాం. స్టేజి మీద యాంకర్ గంటకోసారి చదవాలి.

యువత విభాగం:
ఆంటీ, మా ఫ్రెండ్‌కి నవంబరులో ఓటు వేసే వయసు వస్తుంది. వాళ్ల పేరెంట్స్ రెండేళ్ల క్రితం సిటిజన్లయ్యారు, తను ఓత్ తీసుకోలేదు. తను నింపొచ్చా?

సమన్వయకర్త:
మంచి ప్రశ్న అడిగావు నాన్నా. తల్లిదండ్రుల్లో ఒకరు సిటిజన్ అయ్యే నాటికి పిల్లలకు 18 నిండకుండా, గ్రీన్ కార్డుతో ఆ తల్లి లేదా తండ్రి కస్టడీలో ఇక్కడే ఉంటుంటే, 2000 నాటి చట్టం ప్రకారం వాళ్లూ సిటిజన్లయిపోతారు. వేరే ఓత్ అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టు తీసి ఉంటే సందేహమే ఉండదు. ఇక్కడ 17 ఏళ్ల 10 నెలలకే ఫారం ఇవ్వచ్చు, పోలింగ్ రోజుకి 18 నిండాలి. కానీ తల్లిదండ్రుల ఓత్ నాటికే 18 దాటిన పిల్లలకు ఇది వర్తించదు. వాళ్లు సొంతంగా అప్లై చేసుకోవాల్సిందే.

డెంటన్ వైపు వలంటీర్:
సిటిజన్ అయ్యాక కూడా కౌంటీ నుంచి రుజువు అడుగుతూ ఉత్తరం వచ్చిందని ఒకరు టెన్షన్ పడుతున్నారండి.

సమన్వయకర్త:
వస్తాయండి. గ్రీన్ కార్డు ఉన్నప్పుడు లైసెన్స్ తీసుకుంటే ఆ రికార్డులో పాత వివరమే ఉండిపోతుంది. 2019 జనవరిలో రాష్ట్రం ఇలాంటి లైసెన్స్ రికార్డులు పట్టుకుని దాదాపు 95,000 మంది ఓటర్లను అనుమానితుల జాబితాలో పెట్టింది. వాళ్లలో చాలామంది లైసెన్స్ తర్వాత సిటిజన్లయినవాళ్లే. కోర్టు కేసులు పడ్డాక ఏప్రిల్‌లో రాజీ కుదిరి ఆ జాబితా వెనక్కి తీసుకున్నారు. ఉత్తరం వస్తే చెత్తలో పడేయకూడదు, జవాబుకి 30 రోజులే ఉంటాయి. ఆ సమయానికి ఒరిజినల్ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్లి ఉండొచ్చు. అందుకే పంపేముందే కాపీ తీసుకోమనండి. లైసెన్స్, సోషల్ సెక్యూరిటీ రికార్డులు కూడా అప్‌డేట్ చేయించుకోమనండి. ఓత్‌లో పేరు మార్చుకున్నవాళ్లకు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నవాళ్లకు ఇది మరీ అవసరం.

స్టాళ్ల బాధ్యుడు:
అక్కా, ఆ రోజు ఒక అభ్యర్థి తరఫున వాళ్లు కరపత్రాలు పంచుతామని అడిగారు. ఏం చెప్పను?

సమన్వయకర్త:
మన డెస్క్ దగ్గర వద్దని మర్యాదగా చెప్పు. మనది 501 సీ 3, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ, ఏ పార్టీ వైపూ ఉండకూడదు. డెస్క్‌లో కూర్చునేవాళ్లు అభ్యర్థుల టీషర్టులు, బ్యాడ్జీలు వేసుకోకూడదు. తెలుగువాళ్లే పోటీ చేస్తున్నా సరే.

బతుకమ్మ టేబుల్‌ని మాత్రం వదలొద్దు. అక్టోబరు 19 నుంచి 30 దాకా ముందస్తు పోలింగ్ ఉంటుంది. ఎక్కడికి వెళ్లాలో, ఏ ఐడీ పట్టుకెళ్లాలో అక్కడ చెబుదాం. అమెరికా పాస్‌పోర్టు, టెక్సస్ లైసెన్స్, ఫోటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్, వీటిలో ఏదైనా చెల్లుతుంది. ఓత్ ఆలస్యమైనవాళ్ల ఫారాలు కూడా ఆ రోజు తీసుకుందాం. చాలా ఊళ్లలో కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు మే మొదటి శనివారం జరుగుతాయి. వాటికి పనికొస్తాయి.

ఇప్పుడు కావలసింది: కాలిన్‌కి నలుగురు డిప్యూటీలు, డెంటన్‌కి నలుగురు, లైన్‌కి ఆరుగురు, తెలుగు బోర్డులు రాయడానికి చేతిరాత బాగున్నవాళ్లు ఇద్దరు. పేరు, కౌంటీ, ఏ షిఫ్టో కింద రాయండి.