హిగ్గిన్‌బాథమ్ అనే ఇంటిపేరు ఎక్కడిది? (చర్చ)

రైలుపెట్టె:
మద్రాసులో 1844లో మొదలైన హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల దుకాణం పేరు దక్షిణాది రైల్వే స్టేషన్లలో తిరిగినవాళ్ళందరికీ తెలుసు. పెట్టినాయన ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్. ఇంగ్లండులోనే అరుదైన ఈ ఇంటిపేరుకు అర్థమేమిటి? ‘హిగ్గిన్ అనేవాడి ఊరు’ అని కొందరు రాస్తున్నారు. అది నిజమేనా? ఇలాంటి పేరు మూలం దాకా వెతకాలంటే ఏ కాగితాలు చూడాలి?

ఊరిపేరు:
కాదండీ. ఇందులో హిగ్గిన్ అనే మనిషీ లేడు, పాత ఇంగ్లిషులో ఊరు అనే అర్థమిచ్చే ‘హ్యామ్’ అనే మాటా లేదు. ఇది ఇంగ్లండు వాయవ్యాన పాత లాంకషైర్ జిల్లాలో బోల్టన్ పట్టణానికి తూర్పున ఉన్న ఓకెన్‌బాటమ్ అనే చోటి నుంచి పుట్టిన పేరు. ‘ఓకెన్’ అంటే ఓక్ చెట్లున్న, ‘బాటమ్’ అంటే వాగు పారే పల్లపు నేల. కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు కందుకూరి వారు అయినట్టే, ఆ ఓక్‌పల్లం నుంచి కదిలి పక్క ఊళ్ళకు చేరినవాళ్ళకు అదే ఇంటిపేరైంది. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం ఆ పేరు ఎవరినీ వేరుచేసి చూపదు కదా.

ఇక ‘బాథమ్’ సంగతి. పాత ఇంగ్లిషులో పల్లానికి ఉన్న మాటకు ‘ట’ రూపమూ, ‘థ’ రూపమూ రెండూ ఉండేవి. లాంకషైర్ యాసలో ‘థ’ నిలిచింది. తర్వాతివాళ్ళు దాన్ని ‘బాట్ + హ్యామ్’ అని విడగొట్టి చదవడంతో లేని ఊరొకటి పుట్టుకొచ్చింది. రోబాథమ్ పేరూ ఇలాంటిదే, అది గరుకు పల్లం. రామ్స్‌బాటమ్, షఫుల్‌బాటమ్ కూడా పక్కనే ఉన్న బెరీ చుట్టుపక్కల పల్లాల పేర్లే.

పాతరికార్డు:
‘ఓకెన్’ కాస్తా ‘హిగ్గిన్’ ఎలా అయిందో కూడా చెప్పుకోవాలి. 13వ శతాబ్దిలో ముందు ‘అ’, ‘ఒ’ ఉన్న రూపాలే వాడుకలో ఉండేవి. ఆ ప్రాంతపు మాటలో పదం మొదట ‘హ’ కారం ఉన్నచోట పోతుంది, లేనిచోట వచ్చి చేరుతుంది. పైగా రిచర్డ్‌కు ముద్దుపేరు హిక్, దాని నుంచి వచ్చిన హిగ్గిన్ అప్పటికే జనం నోట్లో నలిగిన పేరు. తెలియని మాటను తెలిసిన మాటలోకి లాగేశారు, అంతే. రాసింది కూడా ఇంటివాళ్ళు కాదు, చర్చి గుమస్తా. వేలిముద్ర లాగా ఇంటూ (X) గుర్తు పెట్టే మనిషి తన పేరు అక్షరాలు సరిచూసుకోలేడు. అందుకే ఒకే కుటుంబంలో అన్నదమ్ములు హిగ్గిన్‌బాటమ్, హెగిన్‌బాథమ్, హికిన్‌బాటమ్‌లుగా కనబడితే కంగారు పడకండి.

కోడు251:
వెతికేటప్పుడు, ఒకేలా పలికే పేర్లను ఒకే కోడు కిందికి తెచ్చే సౌండెక్స్ పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. అది మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, అచ్చులు వదిలేసి, హల్లులకు అంకెలు వేస్తుంది. జీ, కే, సీ, ఎస్‌లకు 2, ఎన్‌కు 5, బీకి 1. పక్కపక్కన ఒకే అంకె పడితే ఒక్కసారే వేస్తుంది. మూడంకెలు రాగానే ఆగిపోతుంది. కాబట్టి హిగ్గిన్‌బాథమ్, హెగిన్‌బాటమ్, హికిన్‌బాటమ్ అన్నీ హెచ్251 కిందికే వస్తాయి. హిగ్గిన్స్ హెచ్252, కనుక ఆ గుంపు అడ్డు రాదు.

దెబ్బతినేది మొదటి అక్షరం దగ్గర. ఓకెన్‌బాటమ్ ఓ251 అయిపోతుంది, హెచ్ రాలిపోయిన ఇకిన్‌బాటమ్ ఐ251. ఏ, ఈ, ఐ, ఓ నాలుగింటితో విడివిడిగా వెతకకపోతే పాత తరాలన్నీ జారిపోతాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్‌లో అయితే మొదటి అక్షరం బదులు నక్షత్రం గుర్తు పెట్టి చూడవచ్చు.

పాతరికార్డు:
కాగితాల వరుస కింది నుంచి పైకి వెళ్ళాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రభుత్వ జనన, వివాహ, మరణ నమోదు 1837 జులై 1న మొదలైంది. వివాహ పత్రంలో ఇరువైపుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి, ఒక్క కాగితంతో ఒక తరం పైకి ఎక్కవచ్చు. జనాభా లెక్కల్లో 1841 నాటిది జాగ్రత్తగా చదవాలి. 15 దాటినవాళ్ళ వయసును దాని కిందున్న అయిదు గుణిజానికి దించి వేయమన్నారు. 24 ఏళ్ళవాడు 20గా కనబడతాడు. 1851 నుంచి పుట్టిన ఊరు, ఇంటి పెద్దతో బంధుత్వం రాశారు, అసలు సరుకు అక్కడే ఉంది. 1931 లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో లెక్కే తీయలేదు. ఆ ఖాళీకి యుద్ధం మొదట్లో జనం పేర్లు నమోదు చేసిన 1939 రిజిస్టర్ చూడాలి.

1837కు ముందంతా చర్చి పుస్తకాలే, 1538 నాటి ఆజ్ఞతో మొదలయ్యాయి. పాడైపోయిన పేజీలుంటే బిషప్‌కు ఏటా పంపిన నకళ్ళు వెతకండి. 1752కు ముందు తేదీలతో ఇంకో చిక్కు, కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1720 ఫిబ్రవరి అని రాసి ఉంటే మన లెక్కలో అది 1721. ఇది మరిచిపోతే పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టు తేలుతుంది.

ఊరిపేరు:
అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. ‘పేరు అరుదు కదా, ఈ విలియం మనవాడే’ అనుకోవడం. దేశం మొత్తం మీద అరుదు గానీ లాంకషైర్, చెషైర్ సరిహద్దు ఊళ్ళలో కాదు. ఒకే పారిష్‌లో, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో, ఒకే దశాబ్దంలో ముగ్గురు విలియం హిగ్గిన్‌బాథమ్‌లు పుట్టి ఉండవచ్చు. బాప్టిజం దొరకగానే ఖననాల పుస్తకం తిప్పండి. ఆ పిల్లవాడు పసితనంలోనే పోయి ఉంటే మీ వంశవృక్షంలో పెళ్ళి చేసుకున్నది అతను కాడు. 1813 నుంచి బాప్టిజం అచ్చు ఫారాల్లో తండ్రి వృత్తి, నివాసం ఉంటాయి కాబట్టి నేతగాడి కొడుకెవరో, రైతు కొడుకెవరో విడదీయవచ్చు.

రైలుపెట్టె:
మద్రాసు వైపు కాగితాలు ఎక్కడుంటాయి?

కోడు251:
మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజం, వివాహ, ఖనన వివరాల నకళ్ళు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్/2 వరుసలో ఉన్నాయి. ఎన్/1 బెంగాల్‌ది, ఎన్/3 బొంబాయిది. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికే ఫిబిస్ సంఘం సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. ప్రెసిడెన్సీ అంతా ఒకే వరుస కాబట్టి విశాఖపట్నం, మచిలీపట్నంలలో ఖననమైనవాళ్ళనూ ఇందులోనే చూడాలి.

ఊరిపేరు:
ఎన్/2లో వెతికేవాళ్ళకు ఇంకొక మాట. అక్కడ కాటన్ కనబడితే పత్తి వ్యాపారి ఇంటిపేరు అనుకోకండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఇంటిపేరు కూడా చోటు పేరే. పాత ఇంగ్లిషులో ‘కొటుమ్’ అంటే ‘గుడిసెల దగ్గర’ అని.