యూడైస్ ప్లస్ డీసీఎఫ్: పాడైన గది, నీళ్లు రాని మరుగుదొడ్డి ఎలా రాయాలి? కొత్త పిల్లలు పాత బడిలోనే యాక్టివ్‌గా ఉంటే?

ఇన్‌ఛార్జి హెచ్ఎం

అందరికీ నమస్కారం. తెలంగాణలో ఒక ఎంపీపీఎస్ (మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల), 1 నుంచి 5 వరకు 47 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. హెచ్ఎం బాధ్యత ఈ ఏడాదే వచ్చింది. డీసీఎఫ్ (దేశంలోని బడుల వివరాలు ఏటా సేకరించే యూడైస్ ప్లస్ పోర్టల్ కోసం నింపే ఫారం) నింపి ఇవ్వమని స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) నుంచి మెసేజ్ వచ్చింది. పోయినేడాది ఫారం తీసి చూస్తే బడికీ దానికీ పొంతన లేదు. గదులు 4, అన్నీ మంచి స్థితిలో ఉన్నాయని రాసి ఉంది. వాస్తవంగా ఒక గదికి స్లాబు పెచ్చులూడి తాళం వేసి ఉంది, ఇంకో గదిలో బియ్యం బస్తాలు, విరిగిన బెంచీలు. మరుగుదొడ్లు ఆడపిల్లలకు 2, మగపిల్లలకు 2, నాలుగూ పనిచేస్తున్నట్టు ఉంది. మగపిల్లల వైపు నీళ్ల పైపే లేదు, ఒకదానికి తలుపు కూడా లేదు.

ఇంకోటి. ఈసారి వేరే బడుల నుంచి ముగ్గురు పిల్లలు చేరారు. ఇద్దరు పోర్టల్‌లో పాత బడిలో ఇంకా యాక్టివ్‌గా (అక్కడే చదువుతున్నట్టు) చూపిస్తున్నారు, ఒకరి పెన్ నంబరు (యూడైస్‌లో పిల్లకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) తల్లిదండ్రులకు తెలియదు. ఆ పిల్లను కొత్తగా ఎంట్రీ చేసేయమంటున్నారు కొందరు. చేయొచ్చా?

టేపూ నోటుబుక్కూ

సార్, ముందు పాత ఫారం పక్కన పెట్టేయండి. దాన్ని చూసి దించడం వల్లే బడుల లెక్కలు ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోతున్నాయి. ఖాళీ డీసీఎఫ్ ప్రింటు తీసుకుని, పెన్ను పట్టుకుని బడి చుట్టూ ఒకసారి తిరగండి. మీ బడి సైజుకు గంట చాలు.

గదుల దగ్గర మూడు విషయాలు కలిసిపోతుంటాయి. పాఠం జరిగే గది వేరు, తరగతి గదిగా కట్టి ఇప్పుడు వాడనిది వేరు, స్టోరుగానో ఆఫీసుగానో వాడేది వేరు. మీ లెక్కన పాఠం జరుగుతున్నవి 2. తాళం వేసింది వాడుకలో లేని గది. బస్తాలున్నది ఇతర గదుల్లోకి పోతుంది. ఆ బెంచీలు తీసేస్తే అక్కడ క్లాసు నడపగలరా? నడపగలిగితే ముందు ఖాళీ చేయించి క్లాసు మొదలుపెట్టండి, అప్పుడు 3 అని ధైర్యంగా రాయండి. ఖాళీ చేస్తాంలే అనుకుని ముందే 3 వేయకండి. పైన రాసిన మొత్తానికీ కింద స్థితి పట్టికలో కూడికకూ తేడా వస్తే పోర్టల్ ఎర్రర్ చూపిస్తుంది. చాలామంది అక్కడ విసిగిపోయి అన్నీ 'మంచి స్థితి' గడిలోకి తోసేస్తారు.

మంచి స్థితి, చిన్న మరమ్మతు, పెద్ద మరమ్మతు. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడానికి గది మధ్యలో నిలబడి పైకి చూడండి. సున్నం రాలడం, గచ్చు గుంటలు పడటం, కిటికీ రెక్క ఊడటం చిన్న మరమ్మతే. స్లాబు పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వ తుప్పు రంగులో కనబడుతోందంటే అది పెద్ద మరమ్మతు, మరో మాట లేదు. చువ్వకు తుప్పు పట్టాక అది ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును తోస్తుంది, ఈ ఏడు అరచేతంత ఊడింది వచ్చే ఏడు తట్టెడు ఊడుతుంది. పైన సున్నం కొట్టించి 'చిన్న మరమ్మతు' అని రాస్తే పిల్లల నెత్తిన పెట్టినట్టే. ఆ గదికి తాళం తీయకండి. ఇంజినీరు వచ్చి చూసి కాగితం ఇచ్చేలా ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి రాతపూర్వకంగా పెట్టండి.

మరుగుదొడ్లలో 'ఉన్నవి', 'పనిచేసేవి' రెండు వేర్వేరు గడులు. లెక్క సీట్లది, బ్లాకులది కాదు. పనిచేస్తోంది అనాలంటే లోపల నీళ్లుండాలి, సీటు పగలకూడదు, తలుపు పడాలి, మురుగు పోవాలి, రోజూ శుభ్రం కావాలి, పిల్లలు అక్కడిదాకా నడిచి పోగలగాలి. మీ మగపిల్లల వైపు: ఉన్నవి 2, పనిచేసేవి 0. ఆడపిల్లల వైపు కూడా చూడకుండా 2 వేయకండి. గడియ లోపలి నుంచి పడుతుందో లేదో మీతో ఉన్న మేడమ్‌నో, ఆయమ్మనో వెళ్లి చూడమనండి. గడియ లేని దొడ్డికి ఐదో తరగతి ఆడపిల్ల పోదు, ఇంటికి పోయేదాకా మంచినీళ్లు తాగడమే మానేస్తుంది.

తాగునీటికీ ఇదే పద్ధతి. భగీరథ నల్లా ఉండి నీళ్లు రాకపోతే నల్లా ఉంది, పనిచేయడం లేదు అని రాయాలి. కరెంటు గడిలో అయితే 'ఉంది కానీ పనిచేయడం లేదు' అని విడిగానే ఉంటుంది, దాన్ని వాడుకోండి. నీటిని ల్యాబులో పరీక్ష చేయించారా అన్న ప్రశ్నకు రిపోర్టు చేతిలో ఉంటేనే అవును.

మండల లెక్కలు

పై వివరణతో పూర్తిగా ఏకీభవిస్తాను. దానికో జాగ్రత్త కలుపుతాను. పోయినేడాది 4 పనిచేసే మరుగుదొడ్లు, ఈ ఏడాది 2 అంటే మండలంలో సరిచూసేటప్పుడు ఆ తేడా కచ్చితంగా కళ్లబడుతుంది. ఫోన్ వస్తుంది, 'పోయినేడాదిలాగే ఉంచండి' అనే మాట కూడా వినబడొచ్చు. అందుకే సర్టిఫై చేయకముందే (వివరాలు సరైనవేనని పోర్టల్‌లో ధ్రువీకరించకముందే) ఒక చిన్న ఫైలు కట్టండి: తేదీ పడేలా ఫొటోలు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తీర్మానం, ఎంఈఓకి ఇచ్చిన లేఖ నకలు. అడిగినప్పుడు మాటలు కాకుండా కాగితం చూపించండి.

సర్టిఫై బడి నుంచి మొదలై మండలం, జిల్లా, రాష్ట్రం మీదుగా పోతుంది. మీరు నొక్కాక దిద్దాలంటే పైవాళ్లు తిరిగి తెరవాలి, చివరి వారంలో అది గగనం. స్కూల్ ప్రొఫైల్, టీచర్, విద్యార్థి మూడు మాడ్యూళ్లూ ప్రింటు తీసి ఇద్దరు టీచర్లూ కూర్చుని చదివి సంతకాలు పెట్టాకే నొక్కండి.

ఆదాయ వ్యయాల పేజీలో అడిగేది గడిచిన ఆర్థిక సంవత్సరం, అంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. క్యాష్‌బుక్ చూసే రాయాలి. మీ 47 మందికి సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు (బడి నిర్వహణకు ఏటా ఇచ్చే నిధి) నిబంధన ప్రకారం 25,000 రూపాయల శ్లాబు (పిల్లలు 30 వరకు 10,000, 100 వరకు 25,000, 250 వరకు 50,000). అందులో కనీసం 10 శాతం పారిశుధ్యానికే పెట్టాలి. మగపిల్లల వైపు తలుపూ పైపూ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

పెన్ను కాదు పెన్

పిల్లల విషయం నేను చెబుతాను. కొత్త ఎంట్రీ మాత్రం వద్దు సార్. పెన్ అనేది పిల్లకు జీవితాంతం ఉండే 11 అంకెల నంబరు. (బడి యూడైస్ కోడ్ కూడా 11 అంకెలే. మనది 36తో మొదలవుతుంది. టీసీ మీద దీన్ని చూసి పెన్ అనుకునేవాళ్లు బోలెడుమంది.) కొత్త ఎంట్రీ చేస్తే ఒకే పిల్లకు రెండు రికార్డులు పుడతాయి. కొత్తది మీ బడిలో చదువుతుంటుంది, పాతది బడి మానేసిన పిల్లగా లెక్కలోకి ఎక్కుతుంది. బడికి రోజూ వచ్చే పిల్లను కాగితం మీద డ్రాపౌట్‌ను చేస్తున్నామన్నమాట.

2022-23 నుంచి ఒక్కొక్క పిల్ల పేరుతో వివరాలు తీసుకుంటున్నారు. అంతకుముందు తరగతివారీ మొత్తాలే, కాకి లెక్కలకు వీలుండేది. దేశం మొత్తం మీద అంతకుముందు 26 కోట్ల పైచిలుకున్న నమోదు 2022-23లో 25.17 కోట్లు, 2023-24లో 24.80 కోట్లు అయిందంటే, రెండుసార్లు లెక్కకొచ్చిన పేర్లు పోవడం కూడా అందుకు ఒక కారణం. మళ్లీ మన చేత్తో ఆ తప్పు పెంచొద్దు.

యాక్టివ్‌గా ఉన్న ఇద్దరి సంగతి: పాత బడివాళ్లు వాళ్ల లాగిన్‌లో 'టీసీతో వెళ్లారు' అని పెట్టాలి. అప్పుడు పిల్లలు డ్రాప్‌బాక్స్‌లోకి (ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలోకి) వస్తారు. మీరు ఇంపోర్టులో పెన్, పుట్టిన తేదీ కొట్టి, తరగతి, సెక్షన్, చేరిన తేదీ ఇచ్చి తీసుకోవాలి. వాళ్లు పెట్టకపోతే పోర్టల్‌లోనే రిలీజ్ రిక్వెస్టు పంపండి, తర్వాత ఆ హెచ్ఎంకి ఫోన్ చేయండి. రిక్వెస్టు పంపి ఊరుకుంటే నెలలు గడిచిపోతాయి. పెన్ తెలియని పిల్లకు పాత బడివాళ్లను అడగండి, వాళ్ల విద్యార్థుల జాబితాలో పేరు పక్కనే ఉంటుంది. దొరక్కపోతే మండల ఎంఐఎస్ కోఆర్డినేటర్‌ను (మండలంలో ఈ పోర్టల్ పనులు చూసేవారిని) అడగండి.

ఇంపోర్టు అయ్యాక జనరల్, ఎన్‌రోల్‌మెంట్, ఫెసిలిటీ మూడు ప్రొఫైళ్లూ పూర్తిచేయాలి. ఒకటి వదిలేసినా ఆ పిల్ల అసంపూర్ణంగానే ఉంటుంది. ఆధార్ సరిపోలకపోవడం చాలాసార్లు ఇంటిపేరు దగ్గరే: రిజిస్టర్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. ఆధార్ ప్రకారం పేరు అడిగిన గడిలో కార్డు మీద ఎలా ఉందో అచ్చం అలాగే కొట్టండి. అడ్మిషన్ రిజిస్టర్‌ను మాత్రం దిద్దకండి. పుట్టిన తేదీ తేడా ఉంటే తల్లిదండ్రులను ఆధార్ కేంద్రానికి పంపాలి.

ఇన్‌ఛార్జి హెచ్ఎం

చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. పోయినేడాది ఐదో తరగతి పాసై హైస్కూలుకు పోయిన 9 మంది ఇంకా మా జాబితాలోనే కనబడుతున్నారు. ఇది మా తప్పేనా?

పెన్ను కాదు పెన్

అవును సార్, అది మీ లాగిన్‌లోనే తేలాలి. ప్రోగ్రెషన్‌లో (పిల్లలను పై తరగతికి పంపే పేజీలో) ఆ 9 మందికీ పాసైనట్టు, మార్కుల శాతం, హాజరైన రోజులు నింపి, చివర 'టీసీతో వెళ్లారు' పెట్టండి. 'ఇదే బడిలో చదువుతున్నారు' అని పెడితే ఐదుతో ముగిసే బడిలో ఆరో తరగతి ఉండదు కాబట్టి అక్కడే ఇరుక్కుంటారు. అటు హైస్కూలు హెచ్ఎం కూడా మీలాగే ఎక్కడో అడుగుతుండవచ్చు, ఈ పిల్లలు ఇంపోర్టు కావడం లేదని. ఈ రోజే చేసేయండి.

టేపూ నోటుబుక్కూ

ఇంకో మాట సార్. అంతా పూర్తయి ఆ ఏడాది వివరాలు విడుదలయ్యాక 'నో యువర్ స్కూల్' పేజీలో మీ యూడైస్ కోడ్ కొట్టి బడి రిపోర్టు కార్డు దింపుకోండి. అది ఎవరైనా చూడొచ్చు. కమిటీ సమావేశంలో తల్లులకు చదివి వినిపించండి. పనిచేసే మరుగుదొడ్లు మగపిల్లలకు 0 అని అచ్చులో ఉన్న కాగితం చేతికిచ్చి సర్పంచ్ గారిని అడగడం వేరు, ఊరికే నోటిమాటగా అడగడం వేరు.