ఎంహెచ్ 17 ఏ చార్టుల రాయాలె? గోడపత్రిక పంచాయితీ

హన్మకొండ శ్రీను | 30 డిసెంబర్ 2014, రాత్రి 8:10
మా కాలనీ లైబ్రరీల ప్రతి ఏడు ఆఖర్ల గోడపత్రిక పెడతం. ఈసారి 2014 యాది రాసుడు నా వంతు. రెండు చార్టులు తెచ్చిన. ఒకదాని మీద 'ప్రపంచ రాజకీయాలు', ఇంకోదాని మీద 'విమాన ప్రమాదాలు' అని స్కెచ్‌తోని రాసిన. మొదటి దాంట్ల మార్చి 18న ఉక్రెయిన్ నుంచి రష్యా కలిపేసుకున్న క్రిమియా, జూన్ 10న ఐసిస్ మిలిటెంట్ల చేతికి పోయిన ఇరాక్ పట్నం మోసుల్, గాజా యుద్ధం, స్కాట్లండ్ రెఫరెండం. రెండో దాంట్ల మూడు: మార్చి 8న కౌలాలంపూర్ నుంచి బీజింగ్ పోతూ 239 మందితోని మాయమైన మలేషియా విమానం ఎంహెచ్ 370, జూలై 17న 298 మందితోని, యుద్ధం నడుస్తున్న తూర్పు ఉక్రెయిన్ల కూలిన ఇంకో మలేషియా విమానం ఎంహెచ్ 17, మొన్న ఆదివారం సురబయ నుంచి సింగపూర్ పోతూ 162 మందితోని పడిపోయిన ఎయిర్ ఏషియా. దాని శకలాలు జావా సముద్రంల ఇయ్యాలనే దొరికినయి.

చార్టు చూసి మా మేనకోడలు, "మామా, ఎంహెచ్ 17 ప్రమాదమెట్లయితది? దాన్ని కొట్టి పడేసిండ్రు గదా" అన్నది. అప్పటిసంది ఇంట్ల ఇదే లొల్లి. స్కెచ్ రాత, చెరిపితే పోదు. మీరేమంటరు?

సుబేదారి లా స్టూడెంట్ | 8:32
మీ మేనకోడలు చెప్పిందే కరెక్ట్ సార్. దీని దర్యాప్తు చేస్తున్న డచ్ సేఫ్టీ బోర్డు సెప్టెంబర్ 9న ప్రాథమిక నివేదిక ఇచ్చింది. బయటినుంచి మస్తు వేగంతో దూసుకొచ్చిన వస్తువులు తాకి విమానం గాలిలోనే ముక్కలైందని అందులో ఉంది. ఇంజిన్ చెడిపోలేదు, పైలట్ తప్పు చేయలేదు. 1983లో సోవియట్ ఫైటర్ కొరియా విమానాన్ని కూల్చి 269 మందిని చంపింది. ఆ తర్వాతి ఏడాదే, పోతున్న పౌర విమానాల మీద ఆయుధాలు వాడొద్దని, పౌర విమానయానం మీద దేశాలు చేసుకున్న చికాగో ఒప్పందంలో 3 బిస్ అని కొత్త అధికరణం చేర్చారు. అంటే ఇది ప్రమాదం కిందికి రాదని ముప్పై ఏండ్ల కిందనే ఒప్పుకున్నట్టు. క్రిమియా పక్కన రాయండి.

మడికొండ వాసి | 8:47
అంత తొందరెందుకమ్మా. రష్యా దిక్కు తిరుగుబాటోళ్లు కొట్టిండ్రంటున్నరు గని, ఎవరు కొట్టిండ్రో ఏ కోర్టు తేల్చలే. మిలిటరీ విమానం అనుకొని కొట్టిండ్రేమో. 1988ల అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ఎయిర్ విమానాన్ని కూల్చింది, 290 మంది పోయిండ్రు. ఫైటర్ అనుకున్నం అన్నరు, విచారం అన్నరు, పైసలు కట్టిండ్రు, అయిపాయె. పొరపాటయితే పొరపాటనే రాయాలె. అమెరికాకో న్యాయం, రష్యాకో న్యాయమా?

జగిత్యాల–షార్జా | 8:55
అన్నా, నేను రెండేండ్లకోపారి శంషాబాద్ల విమానం ఎక్కెటోణ్ణి. ఏ చార్టుల రాసినా నాకు ఒకటే. టికెట్ మీద సీటు నంబరుంటది, సామాను ఎన్ని కిలోలో ఉంటది. ఏ దేశం మీదికెల్లి పోతదో ఉండది. ఎంహెచ్ 17 కూలినంక జూలై ఆఖర్ల ఎమిరేట్స్ వాళ్లు ఇరాక్ మీదికెల్లి పోవుడు బంద్ వెడ్తమన్నరు. అంటే అప్పటిదాంక పోయినట్టే గదా! కింద మోసుల్ల కొట్లాట, పైన మనోళ్లు బిర్యానీ తినుకుంట.
ఇంకోటి, చమురు జూన్ల 115 డాలర్లుండె, ఇప్పుడు 60 లోపలికి పడ్డది. గల్ఫ్ల కంపెనీలు పని తగ్గిస్తే మా జిల్లాల ఇండ్లు ఏమైతయో? అదెందుకు రాయలే?

కాజీపేట గార్డు (రిటైర్డ్) | 9:20
నేను ముప్పై ఏండ్లు రైలు ఎనుక డబ్బల కూసున్నోణ్ణి. ప్రమాదం అనే మాట కాయిదం మీద ఎట్ల రాస్తరో నాకెరుకే.

మీరు జూలై 17 అంటున్నరు. సరిగ్గ వారానికి జూలై 24, మెదక్ జిల్లా మాసాయిపేట. పొద్దుగాల పిల్లల్ని బడికి తోలుకపోయే బస్సు, కాపలా లేని గేటు, నాందేడ్ దిక్కునుంచి అచ్చే రైలు. రాష్ట్రమచ్చి రెండు నెల్లు సుత నిండలే. నీ రెండు చార్టులల్ల అది ఏడున్నది శ్రీనూ?

గేటు కాడ మనిషిని పెట్టాల్నా వద్దా అనేదానికి రైల్వేల ఒక లెక్కుంటది, టీవీయూ అంటరు. దినాం ఎన్ని రైళ్లు పోతున్నయి, ఎన్ని బండ్లు దాటుతున్నయి, రెండు గుణిస్తరు. లెక్క తక్కువొస్తే గేట్‌మన్ ఉండడు. దాటెటోడు ఆగి చూసుకొని పోవాలని ఒక బోర్డు, రైలు డ్రైవర్ సీటీ గొట్టాలని ఇంకో బోర్డు పాతుతరు. ఏమన్నయితే దాటినోనిదే తప్పు. దేశంల గసొంటియి 11,000కు పైగ ఉన్నయి. ఆ లెక్కల స్కూలు బస్సు ఒక్క బండే. లోపల ఎందరు పిల్లలున్నరో గుణకారంల రాదు.

ఇగ ఉక్రెయిన్ చూడుండ్రి. జూలై 14న వాళ్ల మిలిటరీ విమానం ఏఎన్-26ను కూల్చిండ్రు. ఉక్రెయిన్ సర్కారోళ్లు తమ ఆకాశాన్ని 32,000 అడుగుల దాంక మూసిండ్రు, ఆ పైన తెరిచే ఉంచిండ్రు. ఎంహెచ్ 17 పోయింది 33,000ల. మీదికెల్లి పోయే విమానం ఆ దేశానికి రుసుం గడ్తది. సుట్టు తిరిగి పోతే కంపెనీకి ఆయిల్ ఖర్చు. ఎవ్వలి గుణకారం వాళ్లు చేసుకున్నరు. నన్నడిగితే దాన్ని మాసాయిపేట పక్కన రాయాలె.

మడికొండ వాసి | 9:41
కాకా, మాసాయిపేట మాట తీస్తే ఎవ్వలం నోరు తెరువలేం. గని పోలిక కుదరది. రైలు దాని పట్టా మీద అదొస్తది, దానికి ఎవ్వలి మీద పగ లేదు. అక్కడ ఎంహెచ్ 17ను కొట్టింది 'బుక్' అనే విమానాల్ని కూల్చే మిసైలే అంటున్నరు. దాన్ని ఎవడో లారీ మీద తెచ్చిండు, రాడార్ల చూసిండు, మీట నొక్కిండు. గేటు లేదు గేటు లేదు అని మనం మొత్తుకుంటుంటే వాడు నడుమల జారుకుంటడు.

సుబేదారి లా స్టూడెంట్ | 9:44
ఇందాక పొరపాటన్నరు, ఇప్పుడు చూసి మీట నొక్కిండంటున్నరు. ఏదో ఒకటి తేల్చండి సార్ :)

మడికొండ వాసి | 9:46
రెండూ నిజమే కావచ్చు గదమ్మా.

కాజీపేట గార్డు (రిటైర్డ్) | 9:58
నొక్కినోణ్ణి నేను ఇడిసిపెట్టమన్లే బిడ్డా. వాన్ని పట్టుకునేటందుకు దేశదేశాల పోలీసులు తిరుగుతనే ఉన్నరు. తెరిచి ఉంచినోళ్లను అడిగెటోడెవడు? మాసాయిపేటల డ్రైవర్ సుత పోయిండు. తప్పంత వాని మీదికే తోసిండ్రు. సచ్చినోడు జవాబు చెప్పడు గదా.

సుబేదారి లా స్టూడెంట్ | 10:05
గార్డు గారు చెప్పినదానికి చట్టంలోనూ చోటుంది. ఎవరి ఆకాశం మీద వాళ్లకే అధికారమని చికాగో ఒప్పందం మొదటి అధికరణమే అంటుంది. అవసరమైతే మూసుకోవచ్చని తొమ్మిదోది. 'మూసుకోవచ్చు' అంతే, 'మూసి తీరాలి' అని లేదు. అయినా నేను క్రిమియా పక్కనే రాయమంటాను. ఆ యుద్ధమే లేకపోతే గేటు సంగతే రాదు.

జగిత్యాల–షార్జా | 10:11
ఎంహెచ్ 370 సంగతి ఎవ్వలు మాట్లాడుతలేరు. తొమ్మిది నెల్లాయె, ఒక్క రేకు ముక్క దొరకలే. అది ప్రమాదమని మాత్రం ఎట్ల రాసినవన్నా?

హన్మకొండ శ్రీను | 10:30
అది నిజమే తమ్మీ, దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టిన. ఎంహెచ్ 17 మీద తెల్ల కాయిదం అంటిచ్చి, మొదటి చార్టుల క్రిమియా కింద రాసిన. మేనకోడలు ఖుషీ. నాకైతే ఇంకా సగం మనసు గార్డు కాక దిక్కే ఉన్నది. మాసాయిపేటకు జాగ లేక రెండు చార్టుల నడుమ గోడ మీద చిన్న కాయిదం పెడుతున్న: "జూలై 24, మాసాయిపేట, నాందేడ్–సికింద్రాబాద్ ఎక్స్‌ప్రెస్ స్కూలు బస్సును ఢీకొన్నది."

కాజీపేట గార్డు (రిటైర్డ్) | 10:37
ఎక్స్‌ప్రెస్ కాదు, ప్యాసింజర్. కాపలా లేని గేటు అని సుత రాయి.