అప్‌డేట్: స్కూల్ బోర్డుకు పోటీ చేశాను

టెక్సాస్‌లో మా స్కూల్ బోర్డుకు (స్థానిక ప్రభుత్వ బడులను నడిపే, ఓటర్లు ఎన్నుకునే మండలికి) పోటీ చేయాలా వద్దా అని శీతాకాలంలో అడిగాను కదా. చేశాను, ఓడిపోయాను.

ముందు ప్రచారానికి కోశాధికారిని నియమించి ఆ నియామక పత్రం దాఖలు చేయమన్న మీ సలహా నన్ను కాపాడింది. అది లేకుండా ఒక్క డాలరు విరాళం తీసుకోకూడదు, ఖర్చూ పెట్టకూడదు.

మే నెల పోలింగ్ రోజున కేంద్రానికి 100 అడుగుల అవతల ఎండలో నిలబడ్డాను. ఒక తెలుగు పెద్దావిడ వచ్చి, పౌరసత్వం వచ్చాక తన మొదటి ఓటు నాకే వేశానని చెయ్యి పట్టుకున్నారు. కళ్లు చెమర్చాయి.

జీతం లేని పదవికి ఇంత శ్రమ ఎందుకని బంధువులు ఇప్పటికీ అడుగుతున్నారు. బడులన్నిటికీ ముఖ్య అధికారి అయిన సూపరింటెండెంట్‌ను నియమించేదీ, బడ్జెట్‌నూ పన్ను రేటునూ ఆమోదించేదీ మా బోర్డులోని ఆ ఏడుగురు సభ్యులే! వచ్చే బోర్డు సమావేశంలో ప్రత్యేక విద్య తరగతుల సహాయకుల కొరతపై మాట్లాడటానికి పేరు ఇచ్చాను.